అమ్మానాన్నలతో వైనరీ ట్రిప్: నాపాకే వెళ్ళాలా, లివర్‌మోర్ చాలా?

ఫ్రీమాంట్_కిరణ్
పోయిన నెల ఊరి నుంచి ఫ్రెండ్ దంపతులు వస్తే కాలిఫోర్నియాలో వైన్‌కి పేరున్న నాపా లోయకి తీసుకెళ్ళాం. హైవే 29 మీద బాగా పేరున్న వైనరీ (వైన్ తయారుచేసి రుచి చూపించే చోటు), ఏదో ఇక్కడ చెప్పను. ముందే బుకింగ్, కార్డు నంబర్ ఇస్తేగానీ కుదరదు, మనిషికి 75 డాలర్లు. అయిదు రకాలు గ్లాసు అడుగు తడిసేంత పోశారు. పోసినాయన వైన్ గురించి చెప్పింది తక్కువ, వైన్ క్లబ్‌లో (వాళ్ళ సీసాలు క్రమంగా కొనే సభ్యత్వం) చేరమన్నది ఎక్కువ. చీజ్ ప్లేటు, టిప్పు కలిపి నలుగురికి 400 దాటింది. డబ్బు సంగతి అటుంచితే, వచ్చినవాళ్ళు బిల్లు చూసి "మేమిస్తాం, మేమిస్తాం" అని మొహమాటపడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు అమ్మానాన్న వచ్చారు. నాన్నకి ద్రాక్షతోటలు చూడాలని కోరిక, ఓ రెండు గుక్కలు రుచి చూస్తారు. అమ్మ ముట్టదు, పైగా గుడ్డు కూడా తినదు. మూడేళ్ళ పాప ఉంది. బే ఏరియాలో ఒక్క రోజులో హాయిగా వెళ్ళొచ్చే చోటు చెప్పండి. మళ్ళీ నాపా అంటే మా ఆవిడ ఒప్పుకోదు.

లివర్‌మోర్_లత
ఫ్రీమాంట్‌లో ఉండి నాపా దాకా ఎందుకండి? సునోల్ మీదుగా హైవే 84 పట్టుకుంటే ట్రాఫిక్ లేని రోజు అరగంటలో మా ఊళ్ళో ఉంటారు. టెస్లా రోడ్ మీదకి తిరగ్గానే రెండు వైపులా తోటలే. ఆ పేరుకి కారు కంపెనీతో సంబంధం లేదు, అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. 50 దాకా వైనరీలున్నాయి. చాలావాటిలో టేస్టింగ్ 20, 30 డాలర్ల మధ్య, సీసా కొంటే కొన్నిచోట్ల అదీ తగ్గిస్తారు. చిన్నవాటిలో అయితే ఓనరే వచ్చి పోస్తాడు, నాన్నగారు ఏం అడిగినా ఓపిగ్గా చెప్తాడు.

నాపాప్రేమి
ఒక్క చోట చేదు అనుభవం అయిందని నాపా మొత్తాన్ని తీసిపారేయకండి. అక్కడి రేట్లకి కారణం ఉంది. కాలిఫోర్నియా వైన్ మొత్తంలో నాపాది 4 శాతమే. కాబర్నే అనే ఎర్ర వైన్ ద్రాక్ష టన్ను సగటున 8,000 డాలర్ల పైనే పలుకుతుంది. టన్నుకి సుమారు 700 సీసాలొస్తాయి. అంటే పీపా, సీసా, బిరడా, మనుషుల జీతాలు ఏవీ లెక్కెయ్యకముందే సీసాలో 11 డాలర్లకి పైగా ద్రాక్షే ఉంది.

అపాయింట్‌మెంట్ గొడవ కూడా వైనరీ వాళ్ళ పొగరు కాదు. 1990లో నాపా కౌంటీ తెచ్చిన రూల్ ప్రకారం ఆ తర్వాత అనుమతి తీసుకున్న వైనరీలు ముందే చెప్పి వచ్చిన వాళ్ళకే టేస్టింగ్ ఇవ్వాలి. 1968లోనే లోయని వ్యవసాయ భూమిగా కట్టడి చేశారు. లేకపోతే ఈపాటికి అది ఇళ్ళూ ఆఫీసులతో నిండిన ఇంకో శాన్‌హోసే అయ్యుండేది.

ఫ్రీమాంట్_కిరణ్
@నాపాప్రేమి రేటుకి కారణం ఉందంటే సరే, ఒప్పుకుంటా. మర్యాదకి రేటేమిటండి? 75 తీసుకుని గంటసేపు క్లబ్ ఫారం ముందు పెట్టి కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు.

నాపాప్రేమి
దానికి నా దగ్గర జవాబు లేదు. క్లబ్ గోల అన్నిచోట్లా ఉంది, లివర్‌మోర్‌లోనూ ఉంది. "అక్కర్లేదండి" అని మొదట్లోనే ఒక్కసారి చెప్పేస్తే చాలావరకు వదిలేస్తారు.

మాంటెబెల్లో
మీరిద్దరూ అసలు చోటు వదిలేశారు. కూపర్టినో వాళ్ళకి పిల్లల స్కూల్ రేటింగులు తెలుసు గానీ తలమీద కొండెక్కితే రిడ్జ్ వైనరీ ఉందని తెలియదు. 1959లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇంజనీర్లు కొందరు కలిసి కొన్న తోట అది. పగలు ల్యాబ్, వారాంతాల్లో వైన్. 1976లో పారిస్‌లో ఫ్రెంచి జడ్జీలు పేరు చూడకుండా రుచి చూసిన పోటీలో వీళ్ళ 1971 మాంటె బెల్లో ఎర్ర వైన్లలో అయిదోది. 30 ఏళ్ళ తర్వాత 2006లో అవే వైన్లు మళ్ళీ తెరిస్తే అదే మొదటిది. బే మొత్తం కాళ్ళ కింద కనిపిస్తుంది.

నాపాప్రేమి
1976లో గెలిచిన రెండూ నాపావేనని కూడా రాయండి మరి. ఎర్రలో స్టాగ్స్ లీప్, తెల్లలో షాటో మాంటెలీనా, రెండూ 1973 వైన్లు.

మాంటెబెల్లో
రాశారుగా మీరే.

లివర్‌మోర్_లత
పారిస్ లెక్క తీస్తే 1889 నుంచి తీయాలి. ఆ ఏడు పారిస్ ఎక్స్‌పొజిషన్‌లో (ప్రపంచ ప్రదర్శన) గ్రాండ్ ప్రీ అనే పెద్ద బహుమతి కొట్టింది మా లివర్‌మోర్ క్రెస్టా బ్లాంకా వైన్. వెంటే, కంకానన్ అనే మా ఊరి వైనరీలు రెండూ 1883లో మొదలయ్యాయి. కాలిఫోర్నియాలో ఇవాళ పెరిగే షార్డొనే (తెల్ల వైన్ ద్రాక్ష) తీగల్లో చాలా భాగం వెంటే తోట కొమ్మల నుంచి పాకినవే, అంటే నాపావాళ్ళు అమ్మే షార్డొనేలోనూ మా ఊరి వేరుంది. పెటీట్ సిరా అని ద్రాక్ష పేరే లేబుల్ మీద వేసి మొదట అమ్మింది కంకానన్, 1961 పంటతో. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం ఉన్నప్పుడు వాళ్ళు చర్చిలకి పూజ వైన్ చేసి తోటని బతికించుకున్నారు.

శాన్‌రామన్_శేషు
కిరణ్ గారు, లివర్‌మోర్ అయితే పొద్దున్నే శివ విష్ణు గుడికి వెళ్ళి, ప్రసాదం తిని, మధ్యాహ్నం మీరు, నాన్నగారు వైనరీకి వెళ్ళొచ్చు అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి అలా చేయకండి. గుడికి వెళ్ళిన రోజు గుడికే. ఇంకో రోజు పెట్టుకోండి.

కొత్తగా_వచ్చా
రెండూ ఒకే ఊళ్ళో ఉన్నప్పుడు రెండు సార్లు పెట్రోల్ ఎందుకు?

శాన్‌రామన్_శేషు
పెట్రోల్ గురించి కాదు తమ్ముడూ. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. వాళ్ళు పైకి అనరు, మనసులో పెట్టుకుంటారు.

వంటిల్లు_సుధ
శేషు గారి మాట నాకు సగం నచ్చింది. మా అత్తగారు వచ్చినప్పుడు ముందు ఆవిడనే అడిగాం. "పొద్దున దేవుడు, సాయంత్రం తోట, నాకేం పట్టింపు లేదు, మీరు తూలకుండా ఇంటికి తీసుకెళ్తే చాలు" అంది. మా అమ్మనైతే అడిగే ధైర్యం కూడా చేయను. ఎవరింటి పెద్దల తీరు వాళ్ళది, వాళ్ళనే అడగండి.

అమ్మగారు గుడ్డు తినరన్నారు, తాగరు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇది చదివే శాకాహారులకి ఒక మాట. వైన్ తేటపడడానికి, వగరు తగ్గడానికి కొందరు ఎర్ర వైన్లో గుడ్డు తెల్లసొన వేస్తారు. తెల్ల వైన్లో చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ గానీ, పాల కేసీన్ గానీ వాడేవాళ్ళున్నారు. వేసింది అడుగున పేరుకుంటుంది, పైన తేటని వేరుగా తీసుకుంటారు. వేశామని లేబుల్ మీద రాయాలన్న నిబంధన అమెరికాలో లేదు. బెంటొనైట్ అనే బంకమట్టితో తేటపరిచినవి, అసలు ఏదీ వేయనివి కూడా చాలా ఉన్నాయి. టేస్టింగ్ రూమ్‌లో "ఫైనింగ్ (తేటపరచడం) దేనితో చేస్తారు?" అని అడిగితే తప్పకుండా చెప్తారు. చెప్పలేకపోతే లోపలికెళ్ళి కనుక్కుని వస్తారు.

మాంటెబెల్లో
@వంటిల్లు_సుధ మంచి పాయింట్. రిడ్జ్ వాళ్ళు 2011 పంట నుంచి వైన్లో ఏమేం వేశారో లేబుల్ మీదే రాస్తున్నారు. తెల్లసొన వేస్తే వేశామని ఉంటుంది. సీసా తిప్పి చదువుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు.

వంటిల్లు_సుధ
ఇది నాకు తెలియదు. థాంక్స్.

పందిరితోట
కిరణ్ గారు, మీ నాన్నగారికి తోట చూడాలని ఉందన్నారు కాబట్టి రాస్తున్నా. మాది మేడ్చల్ దగ్గర. మాకు అనాబ్-ఎ-షాహి తోట ఉండేది. హైదరాబాద్ చుట్టూ అప్పట్లో ద్రాక్ష అంటే పందిరే. రాతి స్తంభాలు, పైన ఇనప తీగల అల్లిక, కింద నిలబడి మెడ ఎత్తి గుత్తులు కోయడం. ఇప్పుడా భూమిలో విల్లాలున్నాయి.

మా నాన్నని లివర్‌మోర్ తీసుకెళ్తే ముందు అడిగింది "పందిరేదిరా?" అని. ఇక్కడ మొక్కని నడుమెత్తులో రెండు చేతులు చాపినట్టు కుడికీ ఎడమకీ పాకిస్తారు, రెమ్మలు పైకి లేస్తాయి, గుత్తులు కింద వరసగా వేలాడతాయి. ఆయన గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని మొదలు దగ్గర మట్టి పక్కకి తోశారు. జానెడు ఎత్తులో బొడిపె ఉంది. వేలితో చుట్టూ తడిమి "అంటు" అన్నారు. నిజమే. పైన ఐరోపా ద్రాక్ష, కింద అమెరికా వేరు. ఐరోపా వేరుని ఫిలాక్సెరా అనే పురుగు తినేస్తుంది. ఒకప్పుడు నాపాలో ఏఎక్స్ఆర్1 అనే వేరుని నమ్ముకుని నాటారు. 1980ల్లో పురుగు దాన్నీ పట్టింది, వేల ఎకరాలు పీకి మళ్ళీ నాటాల్సి వచ్చింది.

తర్వాత పోసేవాడిని అడిగి ఒక ద్రాక్షపండు తెంపుకున్నారు. బఠాణీ అంత ఉంది, తోలు మందం, లోపల గింజలే ఎక్కువ. నోట్లో వేసుకుని "ఇంత తీపా!" అని ఆశ్చర్యపోయారు. తినే ద్రాక్షని మనం 16, 18 బ్రిక్స్‌కి (తీపి కొలత) కోసేస్తాం. ఇక్కడ ఎర్ర వైన్‌కి 24, 25 దాకా ఆగుతారు, ఆ తీపే పులిసి ఆల్కహాల్ అవుతుంది. మనకి ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబర్‌లో ఇంకోటి. ఇక్కడ చలికి ఆకు రాలి మొక్క నిద్రపోతుంది, ఒక్క కత్తిరింపుతో సరి. ఆ పోసే కుర్రాడితో మా నాన్న, మధ్యలో నేను తర్జుమా చేస్తూ, గంటన్నర గడిచింది. వైన్ సగం గ్లాసు కూడా తాగలేదు. ఇండియా వెళ్ళాక ఊళ్ళో అందరికీ గోల్డెన్ గేట్ గురించి చెప్పలేదు, ఆ బొడిపె గురించే చెప్పారు.

అందుకే నా ఓటు లివర్‌మోర్‌కి. పెద్ద హాలున్న చోటు కాదు, టేబుల్ పక్కనే తోట వరసలున్న చిన్న చోటు చూడండి. తెంపేముందు మాత్రం అడగాలి.

లివర్‌మోర్_లత
@పందిరితోట చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి. మా నాన్న ఉంటే తీసుకెళ్ళేదాన్ని.

కొత్తగా_వచ్చా
ఇండియాలో ఇలా తోటతో ఉన్న వైనరీ మనవాళ్ళదేదైనా ఉందా?

పందిరితోట
ఉంది. హైదరాబాద్ గ్రాన్యూల్స్ ఇండియా చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది కృష్మా ఎస్టేట్స్, హంపి కొండల దగ్గర. బెంగళూరు దగ్గర్లో అయితే నంది కొండల కింద గ్రోవర్ జంపా. కానీ ఆ చర్చ ఇక్కడొద్దు, వేరే థ్రెడ్ పెట్టండి.

హెచ్1బి_వాసు
అందరూ తోటలూ పారిసూ అంటున్నారు, అసలు విషయం ఎవరూ రాయలేదు. తిరిగొచ్చేటప్పుడు కారు ఎవరు నడుపుతారు?

కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం గానీ ఆపైన గానీ ఉంటే డీయూఐ, అంటే తాగి నడిపిన నేరం. దానికి తక్కువున్నా నడిపే తీరు తేడాగా ఉంటే పట్టుకోవచ్చు. మనలాంటి వీసా వాళ్ళకి ఇంకో దెబ్బ ఉంది. 2015 నుంచి డీయూఐ అరెస్టయితే చాలు, కోర్టు తేల్చకముందే కాన్సులేట్ వీసా స్టాంపు రద్దు చేయవచ్చు. ఇక్కడ ఉన్నంతవరకు స్టేటస్ వెంటనే పోదు, కానీ ఇండియా వెళ్తే కొత్త స్టాంపు కావాలి, దానికి ముందు వాళ్ళు చెప్పిన డాక్టర్ దగ్గర మెడికల్ పరీక్ష. మా టీమ్‌లో ఒకతను ఇలాగే ఇరుక్కుని చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోయాడు. వెళ్తే తిరిగి రాగలనో లేదో అన్న టెన్షన్‌లో ఇక్కడే ఉండిపోయి వీడియోలో చూశాడు. అతను తాగుబోతేం కాదు, రెండు వైనరీల్లో టేస్టింగ్ చేశాడంతే.

నాపాప్రేమి
@హెచ్1బి_వాసు వాస్తవం. అయిదు రుచులంటే ఏముందిలే అనుకుంటారు. ఒక్కో పోత ఔన్సున్నర అనుకోండి, అయిదుకి ఏడున్నర ఔన్సులు. మామూలు గ్లాసు 5 ఔన్సులు. అంటే ఒక్క వైనరీలోనే గ్లాసున్నర. ఇక్కడి జిన్‌ఫండెల్, పెటీట్ సిరా లాంటి ఎర్ర వైన్లలో ఆల్కహాల్ 15 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే. మూడు వైనరీలు తిరిగితే సీసాలో దాదాపు మొత్తం మీ కడుపులో ఉన్నట్టే. 750 మిల్లీలీటర్లంటే 25 ఔన్సులే.

కొత్తగా_వచ్చా
ఉమ్మేయొచ్చు కదా? సినిమాల్లో చూశా.

నాపాప్రేమి
నిక్షేపంగా. ప్రతి టేబుల్ మీదా బకెట్ ఉంటుంది, లేకపోతే అడగండి. రుచి తెలిసినవాళ్ళే ఎక్కువ ఉమ్మేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్క టేస్టింగ్ ఇద్దరు పంచుకోవడం కూడా చాలాచోట్ల ఒప్పుకుంటారు.

శాన్‌రామన్_శేషు
బార్ట్ రైల్లో డబ్లిన్/ప్లెజంటన్ స్టేషన్ దాకా వచ్చి అక్కణ్ణుంచి ఊబర్ తీసుకోవచ్చు. వైనరీల దగ్గర తిరుగు ఊబర్ దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది, ముందే చూసుకోండి. నాపా అయితే వైన్ ట్రైన్ ఉంది, పెద్దవాళ్ళు కూర్చుని కిటికీలోంచి తోటలు చూడొచ్చు.

ఫ్రీమాంట్_కిరణ్
మా ఆవిడ తాగదు, డ్రైవింగ్ తనే చేస్తానంది. అయినా @హెచ్1బి_వాసు రాసింది ఇద్దరం కూర్చుని చదివాం. ఈ సంగతి ఇంత స్పష్టంగా నాకు తెలియదు.

పాప మాటేమిటి? రానిస్తారా?

లివర్‌మోర్_లత
చాలా చోట్ల రానిస్తారు, కొన్నిచోట్ల 21 ఏళ్ళు నిండినవాళ్ళకే. ఫోన్ చేసి అడగండి. ఇంకొకటి, మీరు కాస్త పక్కకి చూసినప్పుడు తాత గ్లాసు తీసి పాప పెదాలకి అంటించడం లాంటివి వద్దని పెద్దాయనకి ముందే చెప్పండి. మన దగ్గర ముచ్చటగా చేస్తారు. ఇక్కడ అది వైనరీ లైసెన్స్ మీదకి వస్తుంది.

నాపాప్రేమి
పిల్లలకైతే నాపాలో కాస్టెలో డి అమొరోజా బాగుంటుంది. 2007లో తెరిచిన కోట, 13వ శతాబ్దపు ఇటలీ తరహాలో కట్టారు, పిల్లలకి ద్రాక్షరసం ఇస్తారు. స్టెర్లింగ్‌లో కొండమీదకి కేబుల్ కారుంది. 2020 మంటల్లో దెబ్బతిని 2023లో మళ్ళీ తెరిచారు. చవక కావు, ముందే చెప్తున్నా.

వంటిల్లు_సుధ
తిండి సంగతి. చాలా చిన్న వైనరీలు బయటి తిండి తెచ్చుకోనిస్తాయి, బయటి మందు మాత్రం ఎక్కడా వద్దు. పులిహోర, దోసకాయ ముక్కలు, వేయించిన పల్లీలు బాగుంటాయి. ఆవకాయ అన్నం మాత్రం టేస్టింగ్‌కి ముందు వద్దు, ఆ ఘాటు మీద ఏ వైనూ నిలవదు. కారం తిన్న నోట్లో 15 శాతం ఎర్ర వైన్ మంట పుట్టిస్తుంది, వగరు రెట్టింపవుతుంది. కారంతో తాగాలనుకుంటే కాస్త తీపున్న రీస్లింగ్, గెవుర్ట్స్‌ట్రామినర్ లాంటి తెల్ల వైన్లు తీసుకోండి. సెంటు కొట్టుకుని వెళ్ళకండి, పక్కవాళ్ళకి కూడా వైన్ వాసన తెలియదు.

మాంటెబెల్లో
గోంగూర మాంసంతో జిన్‌ఫండెల్ పడుతుందని నేను అంటాను.

వంటిల్లు_సుధ
పులుపు మీద అంత ఆల్కహాలా? నేను ఒప్పుకోను. రొజే (గులాబీ రంగు వైన్) చల్లగా ఉంటే పడుతుంది.

మాంటెబెల్లో
రెండూ తెచ్చి పెట్టుకుని చూడాలి. గోంగూర మీరు తెండి, వైన్ నాది.

ఫ్రీమాంట్_కిరణ్
ప్లాన్ ఇదీ. శుక్రవారం సెలవు పెట్టా. గుడి ఆదివారం, వేరేగా. శుక్రవారం పదకొండుకి టెస్లా రోడ్‌లో తోట పక్కనున్న చిన్న వైనరీ ఒకటి, పులిహోర డబ్బాలతో భోజనం, ఆ తర్వాత కంకానన్, ఇంటికి. రెండే. నాన్న ఇండియా తీసుకెళ్ళడానికి రెండు సీసాలు కొందామంటున్నారు. కుదురుతుందా?

హెచ్1బి_వాసు
కుదురుతుంది. ఇండియాలో మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు, రెండు సీసాలు లీటరున్నరే. చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టండి, చేతిలో పట్టుకెళ్ళనివ్వరు. మూత తీసిన సీసా అయితే కారులో ముందుకి రానివ్వకండి, డిక్కీలోనే.

లివర్‌మోర్_లత
సెప్టెంబర్‌లో మా ఊళ్ళో కోతలు జోరుగా ఉంటాయి, ట్రాక్టర్ల మీద ద్రాక్ష తొట్లు వెళ్తుంటే నాన్నగారికి చూపించండి. ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటే రోజులుంటాయి, డిక్కీలో సీసాలు ఉడికిపోతాయి. అందుకని కొనడం చివరి చోట పెట్టుకోండి, ఐస్ బాక్స్ ఒకటి వేసుకెళ్ళండి. నాన్నగారికి టోపీ, అమ్మగారికి నీడలో కుర్చీ. శుక్రవారం చిన్న వైనరీల్లో కొన్ని మధ్యాహ్నం పన్నెండుకి గానీ తెరవవు, పదకొండు అనుకున్నారు కాబట్టి టైమ్ చూసి ఫోన్ చేయండి.

ఫ్రీమాంట్_కిరణ్
ఇప్పుడే చేశా. పన్నెండుకేనట. పాపని తీసుకురావచ్చన్నారు, తోటలోకి వాళ్ళే తీసుకెళ్తామన్నారు.